నెల నోటీసు

ఫారూఖ్ బీచ్ రోడ్డు మీదే కూలబడిపోయాడు. పాతూళ్లో బట్టల కొట్టు నడిపే ఆయన, ఒళ్లు తగ్గించుకోవడానికి సింహాద్రిని ఆరు నెలలకు ట్రైనర్‌గా కుదుర్చుకున్నాడు. ఇంకా మూడు నెలలు కూడా కాలేదు.

“ఇంక నావల్ల కాదు సింహాద్రీ. రేపట్నుంచి రాకు.”

“అలాగే భాయ్. మరి మన కాంట్రాక్టో? ముందు ఎవులు మానీసినా రెండోవోళ్లకి నెల జీతం ఇచ్చీయాల గదా.”

“పని సెయ్యకుండా జీతమేటి?”

“అయితే డబ్బులొద్దు. ఆ నెలా పని సేసీసే ఎల్తాను. రేపు తెల్లారగట్ల కైలాసగిరి మెట్లెక్కుదాం. రెండు మాట్లు.”

ఫారూఖ్ కొండ వైపు చూస్తూ ఆలోచనలో పడ్డాడు. సింహాద్రి నుదుట చెమట పట్టింది.

చివరికి ఫారూఖ్ ఫోన్ తీసి నెల జీతం పంపించేశాడు. “తీస్కో. మళ్లీ నాకు కనబడకు.”

సింహాద్రి సందు మలుపు తిరగగానే మధురవాడ జిమ్ము ఓనరుకు ఫోన్ చేశాడు.

“సార్, సోమారం మీ దగ్గర ఉద్యోగంలో సేరిపోతాను. నానే ముందు మానీసుంటే ఆ జీతం నాను కట్టాల్సొచ్చేది. అందుకే మీరు రమ్మన్న కాడ్నుంచి భాయ్‌ని పరిగెట్టించి పరిగెట్టించి సంపీసినాను. ఇయ్యాల్టికి మానీసినాడు!”