హంతకుడి చొక్కా ఇస్త్రీ

“తెరుచుకోదంటే తెరుచుకోదు!”

“ఎందుకు తెరుచుకోదండీ? హంతకుడు కంగారులో ఉన్నాడు. గట్టిగా లాగుతాడు.”

“వాడి కంగారుతో వాషింగ్ మెషీన్‌కేం పని? లోపల నీళ్లున్నంతసేపూ తలుపు లాక్‌లోనే ఉంటుంది. నెత్తుటి చొక్కాని మధ్యలో బయటికి లాగాడని రాశావనుకో, చదివేవాళ్లు పడీపడీ నవ్వుతారు.”

కొలబద్దగారు కాఫీ తాగినప్పటి నుంచి ఇదే మాట మీద ఉన్నారు. ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత తనిఖీ చేసే రోజుల్లో కిందివాళ్లు ఆయనకి చాటుగా పెట్టిన పేరది. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరుకు వెనక్కి పంపేవారు. రిటైరయ్యాక ఆయన అభిప్రాయం అడిగే నాథుడే లేకుండా పోయాడు. కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి గేటు వంకరగా బిగించారని తనలో తనే బాధపడుతుండేవారు.

సరిగ్గా అప్పుడే భార్య, తాను హత్యల నవల ఒకటి మొదలెట్టానని చెప్పింది.

“ఇంట్లో వాడే వస్తువుల దగ్గరే రచయితలు తప్పులో కాలేస్తారటండీ. మీరు చూసిపెట్టాలి. పుస్తకం మొదటి పేజీలోనే మీ పేరు వేయిస్తాను.”

ఆ మొదటి పేజీ ఆయనకి కలలోకి కూడా వస్తోంది. రాసింది చూపించమంటే మాత్రం ఆవిడ సిగ్గుపడి, సన్నివేశం నోటితోనే చెప్పేది.

“ఏమోనండీ, మొన్న తెరుచుకున్నట్టే గుర్తు,” అంది ఇప్పుడు.

“అయితే ఇప్పుడే తేల్చేద్దాం!”

ఆయన ఇంటిల్లిపాది మాసిన బట్టలూ మెషీన్‌లో కుక్కబోయారు.

“తెల్లవీ రంగువీ కలిపేస్తున్నారు. హంతకుడి చొక్కా గులాబీ రంగైపోతే పోలీసులు పట్టేయరూ?”

నిజమే. విడదీశారు. సబ్బుపొడి ఎంత వేయాలో డబ్బా మీద చదివి మరీ వేశారు. నీళ్లు నిండాక లాగి చూస్తే తలుపు తెరుచుకోలేదు. ఆయన ఛాతీ ఉప్పొంగింది.

“మీరు లేకపోతే నా పరువు గంగలో కలిసేది,” అంది భార్య. “కానీ వాడు ఆ చొక్కాతోనే విందుకెళ్లాలి. తడి చొక్కా ఇస్త్రీతో ఆరిపోతుందంటారా?”

“ఊహించి చెప్పే విషయం కాదది. చేసి చూడాలి.”

చొక్కాతో మొదలెట్టి దుప్పట్ల దాకా వచ్చారు. ఒక్కో బట్టకి ఒక్కో వేడి కావాలని కనిపెట్టి, ఆ సంగతి నవలలో వచ్చి తీరాలన్నారు.

మరో రోజు విషం సీసా మూత సింకులో జారిపడింది, నవలలో. అది ఎక్కడ చిక్కుకుంటుందో చూడ్డానికి కొలబద్దగారు సింకు కింద వెల్లకిలా పడుకుని వంపు పైపు విప్పారు.

“ఏంట్రా, అందులో దూరావు?” అంది తల్లి.

“సాక్ష్యం కోసమమ్మా.”

“అయితే స్నానాలగదిలో కూడా ఉంటుందేమో చూడరా. అక్కడా నీళ్లు పోవడం లేదు.”

సాక్ష్యం దొరకలేదు గానీ కూతురి చెవిపోగు దొరికింది.

“నాన్నా, ఇంతకీ హత్య ఎప్పుడు?” అంది కూతురు, చెవిపోగు కడుక్కుంటూ. “ఇప్పటిదాకా చాకిరీయే గానీ చావు లేదు.”

“హత్య ఎవడైనా రాస్తాడే. కష్టమంతా వివరాల్లోనే ఉంది.”

చివరికి నవలలో వంటవాడి మీద అనుమానం వచ్చింది. హత్య జరిగిన సమయంలో తానొక్కడే వంటంతా చేస్తున్నానని వాడి వాదన.

“ఒక్కడి వల్ల అవుతుందాండీ అన్నం, రెండు కూరలు?” అంది భార్య.

మొదటిసారి కూర మాడింది. కుక్కర్ కూత పెట్టమంటే పెట్టలేదు. “వంటవాడంటే చేయి తిరిగినవాడు కదండీ, ఇంకోసారి చూడండి. అమాయకుణ్ణి జైలుకి పంపిన పాపం మనకెందుకు?” అంది. ఆయన మళ్లీ చేశారు. మర్నాడు మళ్లీ.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. వడ్డన కూడా ఆయనదే.

“వంటవాడు నిర్దోషి!” అని ప్రకటించారు కొలబద్దగారు. “ఒక్కడే చేయగలడు. రుజువు మీ కంచాల్లో ఉంది.”

“ఉప్పు కూడా కుదిరిందిరా,” అంటూ తల్లి మారు వడ్డించుకుంది.

భార్య రెండు ముద్దలు తిని, మెల్లగా తలెత్తింది.

“మీ అందరికీ ఓ మాట చెప్పాలి. నాకు కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం వచ్చింది. రేపే చేరుతున్నాను. పొద్దున వెళితే మళ్లీ సాయంత్రానికే.”

కూతురు లేచి ఎంగిలి చేత్తోనే వాళ్లమ్మని వాటేసుకుంది. కొలబద్దగారి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. భార్య సంతోషానికి అడ్డుపడే మనిషి కాదాయన. కానీ మొదటి పేజీ కళ్లముందు మెదిలింది.

“సంతోషమే. కానీ రోజంతా అక్కడుంటే నవల ఎప్పుడు పూర్తిచేస్తావు?”

“ఏ నవలండీ?”