చక్కెర మీద కన్ను

“తలుపు ఎందుకు మూస్తాండావు నల్లమ్మా?”

వంటింటి గడపకు అడ్డంగా నిలబడి అడిగింది సువార్తమ్మ.

“ఈగలు వాల్తాయమ్మా. గాలికి దుమ్మొస్తాది. తెల్ల ఐసింగు మీద దుమ్ము పడిందంటే తుడిచినా పోదు,” అంది నల్లమ్మ, చెంగు నడుముకు దోపుకుంటూ.

“ఇది నా వంటిల్లు.”

“మీదే. కేకు రేపు చర్చిలో అందరి ముందర పెట్టేది గదా. చెడిపోతే మాట పడేది నేను.”

సువార్తమ్మ గడప మీంచి పక్కకు తప్పుకుంది. తెల్లారితే కొడుకు పెండ్లి. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లో కేకు కోయాలన్నా, దాని మీద పూలు వేసేది ఊరి బయట గుడిసెల్లో ఉండే ఈ నల్లమ్మే.

“మూడు బిందెలు మంచినీళ్ళు లోపల పెట్టించండి,” అంది నల్లమ్మ.

“మూడా! కుళాయి పొద్దున గంటసేపు వస్తే గొప్ప. గిన్నెలు కడిగేదానికి మూడు బిందెలా?”

“తెల్లసొన, చక్కెర కలిసి ఆరితే సున్నం మాదిరి పట్టుకుంటాదమ్మా. గిన్నెలు, గరిటెలు, కింద బండలు, యాడపడితే ఆడ. కడిగిన నీళ్ళు నేనే మోసుకపోతాలే. మా బర్రెకు కుడితి అవుతాది.”

అది నిజమేననిపించింది. పోయిన క్రిస్మస్‌కు పక్కింట్లో ఇంకెవరితోనో ఐసింగు వేయిస్తే నేలంతా జిగురై, నాలుగు రోజులు చీమలు వదలలేదు. సువార్తమ్మ బిందెలు పెట్టించింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

సువార్తమ్మ భయం వేరే. రెండు నెలలు ఇంటిల్లిపాదీ బెల్లం టీ తాగి మిగిల్చిన చక్కెర అది. తానే తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించి, రెండు సేర్ల పిండి నల్లమ్మ చేతికిచ్చింది. ఇప్పుడది గడియ వెనక ఉంది.

కాసేపు ముందుగదిలో అటూ ఇటూ తిరిగింది. మనసు నిలవలేదు. చెప్పులు విడిచి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, తలుపు సందుకు కన్ను ఆనించింది.

నల్లమ్మ కాగితాన్ని శనక్కాయల పొట్లంలాగా చుట్టింది. అందులో ఐసింగు నింపి, పైన మడిచి, కింది మొన కత్తిరించింది. కేకు అంచుల కిందికి కాగితపు ముక్కలు దోపింది. పళ్ళేన్ని బోర్లించిన గిన్నె మీద పెట్టి ఎడమ చేత్తో తిప్పుతూ, కుడి చేత్తో పొట్లం నొక్కింది. వరుసగా మల్లెమొగ్గలు లేచాయి. చేతికి అంటలేదు, బండ మీద చుక్క రాలలేదు. ఐసింగు గిన్నె మీద తడిగుడ్డ కప్పే ఉంది. పొట్లం అయిపోగానే మడిచి పొయ్యిలో పడేసింది.

చూసేకొద్దీ సువార్తమ్మకు అనుమానం పెరిగింది. పక్కింట్లో సగం చక్కెర నేలపాలైంది. ఇక్కడ ఒక్క చుక్క కూడా వృథా కాలేదు. అయితే మిగలాలి కదా! ఆ మిగిలింది ఎటు పోతుంది?

ఎండ వాలేసరికి తలుపు తెరుచుకుంది. కేకు చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. సువార్తమ్మ దానివైపు చూడనే లేదు.

“మిగిలింది యాడ?”

“ఇదోమ్మా,” గిన్నె మీది తడిగుడ్డ తీసింది నల్లమ్మ. అడుగున నాలుగు గరిటెల ఐసింగు ఉంది.

“ఇంతేనా?”

“పైన మూడు పొరలు పూసినా గదమ్మా. ఇంతే.”

అంటూనే ఒక బిందె నెత్తికెత్తుకుని, ఇంకోటి చంకన పెట్టుకుని బయలుదేరింది. రెండిటి మూతికీ గుడ్డలు గట్టిగా కట్టి ఉన్నాయి.

“నిలబడు! కుడితికి వాసెన కడతారా ఎవరైనా?”

నల్లమ్మ ముఖం పాలిపోయింది. “తొణుకుతాదని కట్టినా.”

“దించు.”

“అమ్మా, పొద్దు పోతాంది...”

“దించమంటే దించు! నా చక్కెర ఏ డబ్బాలోనో పోసి అందులో ముంచినావేమో, చూడనీ.”

నల్లమ్మ బిందెలు దించింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన గార్డు యేసన్న, భార్య గొంతు విని గుమ్మంలోనే ఆగిపోయాడు. సువార్తమ్మ గుడ్డలు లాగేసి, మోచేతి దాకా చెయ్యి ముంచి, ఒక్కో బిందె అడుగంతా తడిమింది. డబ్బా లేదు, మూట లేదు. అయినా తృప్తి లేక, కరిగిపోయిందేమోనని తడివేలు నాలుక మీద పెట్టుకుంది.

తీపి లేదు. రెండో బిందె కూడా చూసింది. చప్పగా ఉంది.

“ఏమే, పని చేసి పెట్టిన మనిషిని పట్టుకొని దొంగతనం అంటగడతావా?” గట్టిగా అన్నాడు యేసన్న. “రేపు పెండ్లి పెట్టుకొని ఈ పొద్దు ఆ యమ్మను ఏడిపిస్తావా?”

నల్లమ్మ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. సువార్తమ్మ సిగ్గుతో తల దించుకుంది. గబగబా గుడ్డలు తానే మళ్ళీ కట్టింది. మిగిలిన ఐసింగంతా కాగితంలో పొట్లం కట్టి నల్లమ్మ కొంగున ముడివేసింది. బిందె ఎత్తి నెత్తిన కూడా పెట్టింది.

“మనసులో పెట్టుకోవద్దు తల్లీ. తప్పుగా అనుకుంటి. మల్లా ఎప్పుడన్నా కేకుంటే నువ్వే రావల్ల.”

“వస్తానమ్మా,” అంది నల్లమ్మ.

పట్టాలు దాటి, ఎండిన బావి పక్కగా నడిచి, ఆమె గుడిసె చేరింది. వాకిట్లో కూర్చున్న అత్త ఐసింగు పొట్లాన్ని ఇట్లా అందుకుని అట్లా పక్కన పెట్టేసింది. బిందె మీది గుడ్డ విప్పి, చెంబు నిండా ముంచుకుని, గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

“లేని బర్రెకు రెండు బిందెలేనా నల్లమ్మా? దూడ గూడా ఉండాదని చెప్పలేకపోతివా?”