మంచు మీద వినిపించిన మాట

"కాసేపు ఊరుకోండి బాబాయ్. ఆయన గొంతు విననివ్వండి."

గ్లఫీరా వెనక్కి తిరిగి కసిరింది.

ఫాదేయ్ బాబాయ్ పెదవులు ఆగిపోయాయి. "తప్పయింది తల్లీ," అన్నాడు.

వోల్గా ఒడ్డున, ముసలి నటులు తలదాచుకునే ఇల్లది. శనివారం మధ్యాహ్నం భోజనాల గదిలో తెల్ల దుప్పటి కట్టి పాత సినిమాలు వేస్తారు. ఆవేళ తెర మీద రొస్తిస్లావ్ ఉగ్లోవ్ పడవవాడి వేషంలో ఉన్నాడు. అతను మాట్లాడుతుంటే కిటికీ అవతల మంచు కూడా చెవి ఒగ్గి, నెమ్మదిగా రాలుతున్నట్టుంది.

ఆ సినిమా అక్కడ అందరికీ కంఠతా వచ్చు, తెర మీది మాటలకి తామూ పెదవి కలుపుతారు. కాకపోతే ఫాదేయ్ బాబాయ్ గొంతుకి ఏనాడో జబ్బుచేస్తే డాక్టర్లు కోశారు. ఎండుటాకుల్లో గాలి దూరినట్టు గుసగుస ఒక్కటే మిగిలింది. అది వింటే ఎవరికైనా చిరాకే.

గ్లఫీరా ఆ ఇంట్లో ఆయా. అక్కడి వాళ్ల గొప్పలన్నీ విని విని ఆమె చెవులు అరిగిపోయాయి. వర్వారా ల్వోవ్నా అయితే ఒకప్పటి రాణి వేషాల్లోంచి ఇంకా దిగలేదు, క్యాబేజీ సూపు చెంచాని కూడా రాజదండంలా పట్టుకుంటుంది.

ఫాదేయ్ బాబాయ్ మాత్రం ఏమీ చెప్పడు.

"మీరేం వేషాలు కట్టారు బాబాయ్?" అని ఓసారి గ్లఫీరాయే అడిగింది.

"రాజుగారి వెనక బల్లెం పట్టుకు నిలబడేవాణ్ణి. ఓ నాటకంలో తెర వెనక కుక్కనయ్యాను. బాగా మొరిగానన్నారు."

"రెండోరోజు నిజం కుక్కనే తెచ్చుకుని ఉంటారు," అంది వర్వారా ల్వోవ్నా.

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

కసిరిన మర్నాడు గ్లఫీరాకి మనసొప్పలేదు. టీ కాచి, కాస్త రాస్ప్‌బెర్రీ జామ్ వేసి ఆయన గదికి తీసుకెళ్లింది.

"నిన్న కసిరాను, మనసులో పెట్టుకోకండి. ఆ గొంతంటే నాకు వెర్రి."

"అంత వెర్రి ఏమిటమ్మా?"

ఎవరికీ చెప్పనిది ఎందుకో ఆయనకి చెప్పింది.

చాలా ఏళ్ల కిందట, ఓ శరత్కాలంలో దుంగల తెప్పతోపాటు ఆమె మొగుడు మునిగిపోయాడు. చలికాలంలో పసిగుడ్డు గొంతువాపుతో కన్నుమూసింది. మంచు మెత్తబడే రోజుల్లో, పొద్దు వాలుతుండగా, గ్లఫీరా గడ్డకట్టిన నది మీద నడుచుకుంటూ వెళ్లింది. నడిమధ్యన గడ్డ పల్చగా ఉంటుందని ఆమెకి తెలుసు. తెలిసే వెళ్లింది.

చుట్టూ అంతా తెలుపు. ఆకాశమేదో నదేదో తెలియలేదు. తను నడుస్తోందో కలగంటోందో కూడా తెలియలేదు.

"అప్పుడు ఎవరో నన్ను పిలిచారు బాబాయ్. 'ఎవరది అక్కడ? ఆగు, నేనొస్తున్నా' అని. కన్నతండ్రి పిలిచినట్టు. కాళ్లు ఆగిపోయాయి."

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ లేరు. ఒడ్డున క్లబ్బులో సినిమా ఆడుతోంది. లోపల చోటు దొరకనివాళ్ల కోసం బయట గుంజకి లౌడ్‌స్పీకర్ కట్టారు. అందులోంచి వచ్చిన మాట. అది తెలిసేసరికి కాళ్లకి చలి తెలిసింది, కడుపుకి ఆకలి తెలిసింది. ఇంటికెళ్లిపోయాను."

ఫాదేయ్ బాబాయ్ గ్లాసు పట్టుకునే ఉన్నాడు. టీ చల్లారిపోయింది.

"తర్వాత ఆ సినిమా చూసి మొహం తెలుసుకున్నాను. అంత పేరు వచ్చిన మనిషి నాలుగైదు సినిమాలతో ఎందుకు మానేశాడో. ఎప్పుడైనా కనిపిస్తే నేలకి తల ఆన్చి ఓ దండం పెట్టాలి బాబాయ్. బతికున్నానంటే ఆయన వల్లే కదా."

ఆయన ఆమె మొరటు చేతిని తీసుకుని ముద్దుపెట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"నీ దండం ముట్టిందిలే తల్లీ."

"భలేవారే. మాస్కోలో ఉన్న మనిషికి ఇక్కణ్ణుంచి ముడుతుందేమిటి?"

ఆయన చల్లారిన టీనే తాగేసి గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

నదిలో మంచు పగిలి ఉరుముతున్న ఓ ఉదయం, ఫాదేయ్ బాబాయ్ నిద్ర లేవలేదు. ఆయనకి నా అనేవాళ్లు ఎవరూ లేరు. గ్లఫీరానే తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగింది.

మూత తీసిన శవపేటికని హాల్లో ఉంచారు. కబురు ఎలా అందిందో, మర్నాడు మధ్యాహ్నం గుమ్మం ముందు ఓ కారు ఆగింది. పొడుగాటి నెరిసిన మనిషి, చేతిలో ఎర్ర కార్నేషన్లు పట్టుకుని దిగాడు.

వర్వారా ల్వోవ్నా శాలువా సర్దుకుంది. గ్లఫీరా ఆ మొహాన్ని వెంటనే గుర్తుపట్టింది.

రొస్తిస్లావ్ ఉగ్లోవ్.

ఎన్నేళ్లుగానో దాచుకున్న మాటలన్నీ ఆమె నాలుక చివరికొచ్చాయి. ఆయన పూలు పేటికలో పెట్టాడు.

"ఆఖర్న ఈయన దగ్గరున్నది మీరేనా అమ్మా?" అని అడిగాడు.

కీచుమంటూ, ముక్కుతో పలికే సన్నటి గొంతు. మాట మాటకీ నాలుక తడబడుతోంది.

"నేనేనండీ. దారిలో చలిగాలి పట్టినట్టుంది, పాపం. వేడిగా టీ తెస్తాను, గొంతు విడుతుంది."

"చలి కాదమ్మా. బుద్ధెరిగినప్పట్నుంచీ నా గొంతింతే."

గ్లఫీరా ఆయన మొహంలోకి చూసింది.

"మరి ఆ సినిమాల్లో..."

ఉగ్లోవ్ వంగి, చనిపోయిన మనిషి కాలరు మెల్లగా సర్దాడు.

"బయటికి చెప్పనని ఈయన స్టూడియోలో మాటిచ్చాడు, చచ్చేదాకా నిలబెట్టుకున్నాడు. ఈయన గొంతుకి ఆపరేషనయిన ఏడే నేనూ సినిమాలు మానుకున్నాను. తెర మీద మొహం ఒక్కటే నాదమ్మా, మాట్లాడిందంతా ఈయన."