గోడ పక్క కుండీ

"ఉడుకునీళ్ళు పోసినోడి చేతికి బొబ్బలెక్కిపోవాల!"

చచ్చిన మల్లెమొక్కను చేత్తో పట్టుకుని నరసింగరావు పక్క క్వార్టరు గోడకేసి తిరిగి మరీ అరిచాడు. గోడ అవతల బట్టలారేస్తున్న అరుణకుమారి ఒక్కక్షణం ఆగింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

కుసుమ పరుగున పెరట్లోకి వచ్చింది. "ఏటండీ ఆ తిట్లు? ఒదిన ఇంది."

"ఇనాలనే తిట్టేను! ఇది నాలుగోది. తొమ్మిది కుండీలు నిక్షేపంలా ఉన్నాయి. గోడ పక్కనున్న ఈ ఒక్కటే ఎందుకు చస్తంది?"

అతని కడుపుమంటకి అర్థం లేకపోలేదు. మొదటి మొక్క వాడిపోతే బలం చాలలేదనుకుని గుప్పెళ్ళతో ఎరువు పోశాడు. రెండోదానికి పురుగు పట్టిందని వేపనూనె, మరో రెండు సీసాల మందు కొట్టాడు. మూడోదానికి కుండీ మార్చాడు, మట్టి మార్చాడు. మొక్క నూటయాభై అయితే దాని వైద్యం పదిహేను వందలయింది. కుసుమ తల్లో ఇంటి మల్లెపూవు మాత్రం ఒక్కటీ పడలేదు.

ఇవాళ వీక్లీ ఆఫ్. పొద్దున్నే నాలుగో మొక్కను వేళ్ళతో సహా పీకి, నెహ్రూ నగర్ నర్సరీకి పట్టుకెళ్ళాడు. అక్కడి మనోజ్‌కుమార్ వేరు నలిపి చూసి పెదవి విరిచాడు.

"జడ్ పక్ గయీ హై, సాబ్. కిసీనే గరమ్ పానీ డాలా హై."

"వేళ్ళు ఉడికిపోయాయంట! ఎవరో వేడినీళ్ళు పోస్తన్నారంట!" నరసింగరావు చేతిలోని మొక్కను ఊపుతూ భార్యకు చెప్పాడు. "ఇంకెవడు? పక్కింటి శంకరరావే. గోడకి చెమ్మెక్కుతంది, కుండీ జరపమని మొన్న అడిగేడా, లేదా? నేను జరపనన్నాను. నేను ఎ-షిఫ్టుకి పోతే బి-షిఫ్టోడు పొద్దున్నంతా ఇంట్లోనే గదా!"

"మీ చెయ్యి ఇరిగినప్పుడు మూడు నెల్లు స్కూటరెక్కించుకుని స్టీలు ప్లాంటుకి తిప్పినోడు, మొక్కని చంపుతాడేటండీ?"

"మనుషులు మారిపోతారు."

"పోనీ, నీళ్ళు సాయంత్రం పోసి చూడండి. మిట్టమధ్యాన్నం ఎవరైనా మొక్కలకి నీళ్ళు పెడతారేటి?"

"కోక్ ఓవెన్స్‌లో ఇరవయ్యేళ్ళుగా నేను చేస్తన్నదేటి? ఎర్రగా కాలిన బొగ్గుని నీళ్ళతో చల్లార్చడమే. కాల్తన్నప్పుడే చల్లార్చాల. నాకు చెప్పకు!"

చెప్పినా వినే మనిషి కాదు. రోజూ రెండున్నరకు డ్యూటీ నుంచి రాగానే గేటు దగ్గర పంపు తిప్పేస్తాడు. పెరడంతా పరుచుకున్న నల్లపైపు చివర ఎప్పుడూ గోడ పక్క కుండీలోనే పడి ఉంటుంది. బూట్లు విప్పి, చెంబెడు మంచినీళ్ళు తాగి, తీరిగ్గా వచ్చి ఆ పైపు తీసి మిగతా కుండీలకు పడతాడు. సెక్టర్ 4లో అంత క్రమం తప్పకుండా నీళ్ళు పోసేవాడు లేడని అతని గర్వం.

రోజూ గోడ మీంచి వచ్చే కూర గిన్నె ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. కుసుమ పంపిన చేపల పులుసు తలుపు దగ్గర్నించే తిరిగొచ్చింది. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ లేదు. కుసుమకు ఏడుపొచ్చింది. ముష్టి మల్లెమొక్క కోసం మనుషుల్ని పోగొట్టుకున్నామే అని మొగుడి మీద ఒళ్ళు మండింది.

నరసింగరావు మాత్రం ఐదో మల్లెమొక్క తెచ్చి అదే కుండీలో నాటాడు. మూడోరోజు సెలవు పెట్టాడు. పొద్దున్న ఆరింటి నుంచి కిటికీ వెనక నక్కి కూర్చున్నాడు.

పదింటికి శంకరరావు పళ్ళు తోముకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. నరసింగరావు కిటికీ ఊచలకు మొహం ఆనించాడు. శంకరరావు కొత్త మొక్కకేసి చూశాడు. చెయ్యి చాపి, దాని మీద పడ్డ ఎండుటాకు తీసి పారేశాడు. లోపలికెళ్ళిపోయాడు. ఒంటిగంటన్నరకు స్కూటరెక్కి డ్యూటీకి పోయాడు.

"కనిపెట్టేసేడు! నేనింట్లో ఉన్నానని ఎలా తెల్సిందో!"

"మీ స్కూటరు గుమ్మంలోనే ఉంది గదా, కనిపెట్టడానికేటి?" అంది కుసుమ.

సెలవు దండగ. వీపు నొప్పి. రెండున్నర దాకా సణుగుతూనే ఉండి, చివరికి లేచాడు. బయట ఎండ నలభయ్యారు డిగ్రీలు. నేల కాలకుండా చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళి, మల్లె కుండీలో పడున్న పైపు చివర అందుకుని, చిమ్మేందుకు వీలుగా అరిచెయ్యి అడ్డం పెట్టాడు.

"నీళ్ళైనా పోసి చస్తాను. కుసుమా, పంపు తిప్పు!"

ఆమె తిప్పింది. పైపు గుడగుడలాడింది.

"అమ్మోయ్! చచ్చేన్రా దేవుడో!"

పైపు విసిరేసి నరసింగరావు చెయ్యి విదిలించుకుంటూ గెంతాడు. పొద్దుట్నించీ నల్లపైపులో ఎండకి కాగిన నీళ్ళు నేల మీద పారుతున్నాయి. కుసుమ వేలు పెట్టి చూసి చటుక్కున తీసేసింది. ఇద్దరూ మల్లె కుండీకేసి చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ కేకకు పక్క క్వార్టరు తలుపు తెరుచుకుంది. మూడు రోజులుగా మాట్లాడని అరుణకుమారి గోడ మీంచి తొంగిచూసింది.

"ఏటైంది ఒదినా, ఆ కేకలేటి? ఉడుకునీళ్ళోడు దొరికేడేటి?"

కుసుమ మొగుడి అరిచెయ్యి తిప్పి చూసింది.

"దొరికేడొదినా. చేతికి బొబ్బ కూడా ఎక్కింది."