దేశమంతా ఏడ్చిన సినిమా

“ఇప్పుడేం చేస్తున్నాడే?” కిను మోచేత్తో పొడిచింది.

“తల్లిని వీపు మీద ఎక్కించుకుని పడవ దగ్గరికి నడుస్తున్నాడు,” అంది షిగే, తెర మీంచి కళ్లు తిప్పకుండా. జబ్బు కిను చూపు తినేసి పదేళ్లయింది. సినిమా వచ్చినప్పుడల్లా షిగేనే చెప్పాలి.

“పడవవాడు ఎక్కనిచ్చాడా? ముందది చూడండి,” అన్నారెవరో వెనక చాప మీంచి. హాలంతా నవ్వింది.

టోక్యోలో ఈ సినిమాకి వెళ్లినవాళ్లు రెండేసి చేతిరుమాళ్లు తడిపారని పత్రికలు రాశాయి. కుష్ఠు ఆశ్రమం నుంచి కొడుకు తల్లిని ఇంటికి తీసుకెళ్లే కథ. ఆ జబ్బువాళ్లే ఉండే ఈ దీవిలో మాత్రం ఒక్క కన్నూ చెమర్చలేదు. ఇక్కడికి ఇంతవరకు ఎవరి కొడుకూ రాలేదు మరి.

షిగే నవ్వలేదు. ఆమె కిమోనో చేతి మడతలో ఒక ఉత్తరం ఉంది. ఇరవై రెండేళ్ల కిందట వదిలి వచ్చిన కొడుక్కి, ఈ సినిమా హీరో ఫొటో పత్రికలో చూసిన రోజున రాసింది. పంపాలో వద్దో తేలక నెల్లాళ్లుగా మోస్తోంది.

“పంపవే,” అంది కిను గుసగుసగా. “ఏ ఫ్యాక్టరీలోనో ఉండుంటాడు. దేశమంతా ఏడిస్తే మీవాడొక్కడూ ఏడవకుండా ఉంటాడా?”

“ఏడవడం వేరు, రావడం వేరు.”

“అందుకేగా పొద్దున్నే వచ్చి ముందు వరుస పట్టావు, ఇవాళ వస్తున్న హీరోని అడుగుదామని. అడుగు మరి.”

దీపాలు వెలిగాయి. హీరో వేదిక మీదికి వచ్చాడు. ఆశ్రమంవాళ్లు తొడిగిన తెల్లకోటు ఉంచుకుని, ముక్కుగుడ్డ మాత్రం తీసేశాడు. వేదికకీ రోగులకీ మధ్య కట్టిన కంచెకి ఇవతల జనం చప్పట్లు కొట్టారు. షిగే లేచింది.

“బాబూ, బయట కొడుకులు నిజంగా ఇలా వస్తారా?”

చప్పట్లు ఆగిపోయాయి.

“అబద్ధం చెప్పలేను పెద్దమ్మా. నేనైనా వచ్చేవాణ్ణో కాదో నాకే తెలీదు. మా అమ్మ నా పసితనంలోనే పోయిందట. ఏటా బోన్ పండక్కి సమాధి కడిగి దీపం పెడతాను. అంతకు మించిన పరీక్ష నాకు పెట్టలేదు, బుద్ధుడి దయ.”

“దయే బాబూ.” షిగే వంగి నమస్కరించి కూర్చుంది. ఆ దయని ఎవరికెంత అని పంచేదెవరో ఆమెకి ఎన్నడూ అర్థం కాలేదు.

“మంచి పిల్లాడు,” అంది కిను. “ఆ తండ్రిని మెచ్చుకోవాలి. తల్లిని మరిచిపోనివ్వలేదు... ఏమిటా చప్పుడు? ఉత్తరం చింపుతున్నావా?”

షిగే వంకరపోయిన వేళ్లకి కాగితం లొంగడం లేదు. పళ్లతో పట్టి చింపింది.

“పిచ్చిదానా, అతని సంగతి అతను చెప్పాడు. నీకేం? నువ్వు బతికే ఉన్నావుగా.”

“ఆ సమాధి నాదేనే.”