సందులో రాతికంబం

"అంబులెన్సు ఎక్కడిదాకా వస్తుంది తాతా?" అని అడిగింది నర్సు. తలుపుకు అంటించాల్సిన కాగితంలో ఆ ఒక్క గడి మిగిలింది.

"రాతిదాకా," అన్నాడు వెంకటపతి.

"ఇంటి నుంచి రాతిదాకా?"

"మోసుకుపోవాల. నలుగురు మనుషులు, ఒక మంచం."

నర్సు రాయకుండా ఇందుజ వైపు చూసింది. కాన్పుకని తాత ఇంటికి వచ్చిన ఇందుజ వాచిన కాళ్ళు చాచుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఎనిమిదో నెల. బీపీ దిగడం లేదు. ఫిట్స్ వస్తే ప్రతి నిమిషమూ లెక్కేనని నర్సు రెండుసార్లు చెప్పింది.

ఆ రాయి సందు మొదట్లో, సరిగ్గా నడిమధ్య పాతిన కంబం. దానికి ఇటూ అటూ స్కూటర్ దూరుతుంది, అంతే. పాతినవాడు వెంకటపతి తమ్ముడి కొడుకు రాజ్‌మోహన్. ఐదేళ్ళ కిందట ఒక కొబ్బరి లారీ అతని గోడను గీరింది. సందులో సగం తన పట్టాలోనే ఉందని కంబం పాతేశాడు. అతని ఇల్లూ సందు లోపలే. కారు మాత్రం రోడ్డు మీద పెట్టుకుంటాడు.

"మీరు చెప్పి చూడకూడదా తాతా?"

"చెప్పినానమ్మా. 'ఇందుజకు బీపీ అనేది కూడా నీ కథే పెదనాయనా' అన్నాడు. వాడి తప్పేముంది? మా బావిలో పడిన ఎద్దు తనే ఎక్కి వచ్చి, ఫైర్ ఆఫీసు వాళ్ళకు దారి చూపించిందని ముందురోజే చెప్పి ఉంటిని."

కాగితం అంటించడానికి మైదా గంజి తెచ్చిన పొన్నమ్మాళ్ నవ్వలేదు. ఆమె రాజ్‌మోహన్ భార్య.

"నేనూ చెప్పినాను మామా. కంబం మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు."

"ఈమె నోట అబద్ధం రాదమ్మా," అన్నాడు వెంకటపతి నర్సుతో. "ఊళ్ళో గట్టు తగాదా వస్తే సాక్ష్యానికి ఈమెనే పిలుస్తారు. నన్నూ ఈమెనూ కలిపి చెరిసగం చేస్తేగాని మామూలు మనిషి రాడు."

"మా ఇంటికీ ఒక కాగితం ఇయ్యమ్మా," అంది పొన్నమ్మాళ్. "గ్యాస్ వాసన వస్తే ఏ నంబరు?"

"నూటొకటి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికి వచ్చి ఫోన్ చెయ్యాల."

పొన్నమ్మాళ్ ఆ మాటలు పెదవులతో ఒకసారి వల్లె వేసుకుంది.

మూడో రోజు పొద్దున ఆమె సందులోకి పరుగెత్తుకొచ్చింది.

"బయటికి రండి! గ్యాస్! గ్యాస్ వాసన!"

రాజ్‌మోహన్ అరుగు మీద ముక్కుపొడి డబ్బీ మూస్తున్నాడు. "నాకు ఏమీ రాలేదే?"

"ముప్పై ఏండ్లు పొడి పీల్చిన ముక్కు! మల్లెపూవూ పేడా ఒకటే దానికి. దిగండి. ఫోన్ చేసేసినాను."

రాజ్‌మోహన్ దిగాడు. వంటింటి పక్క గదినిండా ఎండబెట్టిన కొబ్బరి. నిప్పు తగిలితే ఇల్లు మిగలదు. అరుపు విని వెంకటపతి వచ్చాడు.

"పెదనాయనా, నీకు వస్తా ఉండాదా?"

"వస్తా ఉండాదా ఏమిరా! మా ఇంటిదాకా వచ్చి నా పంచె పట్టుకుని లాగితేనే కదా నేను ఇక్కడికి వచ్చినాను!"

"చాల్లే. నువ్వొక్కడివే చెప్పి ఉంటే నేను అరుగు దిగేవాణ్ణి కాను."

ఫైర్ ఆఫీసు ఎర్రబండి వచ్చి రాయి ముందు ఆగింది. అధికారి జీవ దిగి కంబాన్ని చూశాడు, సందును చూశాడు.

"ఇది ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు రాజ్‌మోహన్. "నడిచి పోవచ్చు."

"బండిని ఇక్కడ పెట్టి మమ్మల్ని లోపలికి పొమ్మంటారా? పైపు అక్కడిదాకా అందదు. అంటుకుంటే ఉమ్మి ఆర్పాలనా?"

రాజ్‌మోహన్ ఇంటివైపు చూశాడు, కొబ్బరి గదివైపు చూశాడు. తనే పరుగెత్తి గడ్డపార తెచ్చాడు. తనే తవ్వాడు. చివరికి కంబానికి తాడు కట్టి బండితో లాగారు. ఐదేళ్ళ రాయి పన్నులాగా ఊడి వచ్చింది.

జీవ వంటింట్లోకి వెళ్ళి సిలిండర్‌కు సబ్బునీళ్ళు పూసి చూశాడు. బుడగ రాలేదు. అయినా వాషర్ మార్చాడు.

"అన్నీ సరిగ్గా చేసినారమ్మా. మూసేసినారు, తెరిచేసినారు, బయటికి వచ్చేసినారు," అని రాజ్‌మోహన్ వైపు తిరిగాడు. "పద్నాలుగు నిమిషాలు ఆ రాతి దగ్గరే పోయినాయి సార్. అంటుకుని ఉంటే?"

రాజ్‌మోహన్ సాయంత్రం గుంత పూడ్చాడు.

"రాయి నాకు ఇయ్యండి, గుడ్డలు ఉతుక్కుంటాను," అంది పొన్నమ్మాళ్. పెరట్లోకి దొర్లించి ఇచ్చాడు.

పదకొండు రోజులకు ఇందుజకు ఫిట్స్ వచ్చాయి. అంబులెన్సు గడప ముందే ఆగింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఇద్దరిలో ఒకరి మాట చెప్పలేమని డాక్టరమ్మ అంది.

బిడ్డ ఇంటికి వచ్చిన వారానికి పొన్నమ్మాళ్ ఆ రాతి మీద బిడ్డ గుడ్డలు ఉతుకుతోంది. వెంకటపతి పక్కన కూర్చుని, ఆ రోజు గ్యాస్ వాసనకు ఎగిరే కాకులు రెండు తన పెరట్లో ఎట్లా సొమ్మసిల్లి పడ్డాయో చెబుతున్నాడు. ఆమె ఉతకడం ఆపి, భర్త దగ్గర్లో లేడని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఇన్నేండ్లుగా ఎట్ల తట్టుకుంటా ఉండారు మామా?"

"దేన్ని అమ్మణీ?"

"నేను ఆడిన ఒక్క అబద్ధానికే ఇంకా కాళ్ళు వణుకుతా ఉండాయి."