అరగంట ఆకాశం

"అక్కా, గంగారాం ఉండేది ఈ చాల్‌లనేనా?"

గదులన్నిటికీ కలిపి చాల్‌లో ఉన్న ఒక్క నల్లా కింద బిందె పెట్టిన రత్నాబాయి చటుక్కున తలెత్తింది. గంగారాం ఆమె ఒక్కగానొక్క కొడుకు.

అడిగినవాడు పొట్టిగా, నల్లగా ఉన్నాడు. నలిగిన చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు. మాట మాత్రం అచ్చంగా తమ తెలుగే.

వలస వచ్చిన తెలుగువాళ్ళుండే కామాటిపురలో ఒక కట్టుబాటుంది. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి అడిగితే ఎవరి ఇల్లూ చూపించకూడదు. అలా వచ్చేవాడు పెళ్ళి పిలుపుకు రాడు, వసూలుకే వస్తాడు. తెలుగువాళ్ళ బాకీలకు షావుకార్లు తెలుగువాళ్ళనే పంపుతారు. ముల్లును ముల్లుతోనే తీయాలని వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏ గంగారాం?" అంది రత్నాబాయి.

"లేతు మిషన్ మీద పనిచేస్తడు. విమానం నేర్చుకుంటుండు."

అనుకున్నంతా అయింది అనుకుందామె.

కొడుక్కి ఆ పిచ్చి పట్టి రెండేళ్ళయింది. ఫాక్‌లాండ్ రోడ్డు కార్ఖానాలో నెల పగారు అందిన ఆదివారం జుహూలోని ఫ్లయింగ్ క్లబ్బుకు పోతాడు. అరగంట విమానం నేర్చుకుని వస్తాడు. ఆ అరగంట కోసం నెలంతా చాయ్ మానేస్తాడు, బస్సు మానేస్తాడు, ఓవర్‌టైం చేస్తాడు. ఏ పూటకాపూట గ్లాసుతో నూనె తెచ్చుకునే ఇల్లు అది. ఆకాశం మాత్రం డబ్బాలెక్కన ఎక్కడ కొంటాడు? అదీ గ్లాసులెక్కనే.

"పైలట్ సాబ్, మా ఆరేసిన బట్టల మీద దిగకు!" అని చాల్ అంతా వేళాకోళం చేసేది.

"మా సారు కూడా తిడుతుండమ్మా," అనేవాడు గంగారాం నవ్వుతూ. "ఆయన నోట్ల ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాదు. నెలకు అరగంటైతే పోయిన నెలది మర్చిపోతవు, మళ్ళ మొదటికే వస్తవు, పైసలన్నీ జమచేసుకొని ఒక్కపారి రా అంటడు."

"బాకీ గీకీ చేసినవా బిడ్డా?"

"లేదమ్మా."

ఆమె నమ్మేది కాదు. మొగుడు కూడా లేదు లేదంటూనే పోయాడు. దినాలైనా కాకముందే వసూలీవాళ్ళు వచ్చి ఇత్తడి సామానంతా ఎత్తుకుపోయారు. అప్పటినుంచీ గుమ్మంలో కొత్త చెప్పుల చప్పుడైతే చాలు, ఆమెకు పై ప్రాణాలు పైనే పోతాయి.

"ఏం పని వానితోని?" అంది ఇప్పుడు.

"జుహూ నుంచి వచ్చిన. శనివారం లోపల మనిషి నాకు కావాలె. అది దాటితే నా చేతుల ఏం ఉండదక్కా."

రత్నాబాయి సగం నిండిన బిందెను గబుక్కున పక్కకు లాగింది. మాట మాత్రం వణకలేదు.

"ఊరికి పోయిండు. ఇగ రాడు."

"బోరియా బిస్తర్ కట్టుకొని మరీ పోయిండు," అంది పక్క గది పోచమ్మ, ఎవరూ అడక్కుండానే.

అతను వెంటనే కదల్లేదు. మెట్లవంక చూశాడు. గ్యాలరీలో ఆరేసిన చీరలవంక చూశాడు.

"నల్లా ఇప్పటికీ పొద్దుగూకే యాళ్ళకే వస్తదా?" అన్నాడు.

జనం ఇళ్ళల్లో ఉండే వేళ ఆరా తీస్తున్నాడు, దొంగముండాకొడుకు, అనుకుంది రత్నాబాయి.

"నల్లాతోని నీకేం పని? ఆడోళ్ళున్నకాడ నిలబడకు. నడువ్!"

మర్నాడు మళ్ళీ వచ్చాడు. కింద కిరాణా తుకారాంను అడిగాడు. మెట్ల దగ్గర బీడీలు చుట్టేవాళ్ళను అడిగాడు. చాల్ అంతా ఒక్క మాట మీద నిలబడింది. ఎవరో పైనుంచి కుండెడు నీళ్ళు కూడా కుమ్మరించారు. తడిసిన చొక్కాతో అతను గల్లీ మలుపు తిరిగేదాకా తలుపు సందులోంచి చూసి, రత్నాబాయి హమ్మయ్య అనుకుంది.

కొడుక్కి చెప్పలేదు. చెబితే బెదిరిపోతాడని కొంత. 'అవునమ్మా, బాకీ ఉంది' అంటాడేమోనన్న భయం అంతకు మించి.

తర్వాతి వారం, పగారు ఆదివారం పొద్దున్నే జుహూ పోయిన గంగారాం మధ్యాహ్నానికే వచ్చేశాడు. గోడకు చేరగిలబడి కూర్చుని, జేబులోని నోట్లన్నీ తీసి తల్లి చేతిలో పెట్టాడు.

"బియ్యం తెప్పియ్యమ్మా."

"ఇయ్యాల నేర్చుకోలేదా?"

"అయిపోయింది. రేటు పెంచిన్రు. ఇగ అరగంట కూడా నాతోని కాదు."

ఏడవలేదు వాడు. ఏడ్చినా బాగుండేది.

"క్లబ్బుల గరీబోనికని ఒక ఫుకట్ సీటు వచ్చిందంట. లైసెన్సు చేతికి వచ్చేదాక పైస కట్టే పని లేదు. సారు అందరితోని కొట్లాడి నాకు ఇప్పించిండంట. మొన్న శనివారం లోపల మనిషి రావాలె అన్నరంట. నెలకోపారి పోయేటోన్ని, నాకెట్ల తెలుస్తది? నన్ను వెతుక్కుంటా సారే మన గల్లీకి వచ్చిండంట. ఊరికి పోయిండని చెప్పిన్రంట."

"సీటు?"

"ఇంకొకనికి ఇచ్చిన్రు. సారు కూడా వేరే ఊరి క్లబ్బుకు పోయిండు."

రత్నాబాయికి నిజంగానే ఏమీ అర్థం కాలేదు. కొడుకు గడ్డం పట్టుకుంది.

"ఒట్టు బిడ్డా, ఇంగ్లీషు దొర ఎవడూ రాలే. వచ్చింది ఒక వసూలీవాడు. తెలుగోడు. నేనే తరిమిన."

గంగారాం గడ్డం మీది తల్లి చేతిని తీసేశాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా వాడిలో ఓపిక లేదు.

"పోయేముందు క్లర్కుతోని చెప్పిండంట. నాకూ ఇయ్యాలనే తెలిసింది," అన్నాడు మెల్లగా. "ఆయనే మా సారమ్మా... పుట్టింది ఈ చాల్‌లనేనంట."